సీమోల్లంఘనము – అభిజ్ఞానము: అనంతపుర పీఠభూమి నుండి సాగరపారానికి

సుందరకాండ పారాయణ చేసే భక్తులందరికీ సుపరిచితమైన ఘట్టం ఇది. శతయోజన విస్తీర్ణమైన సముద్రాన్ని లంఘించి వచ్చిన ఆంజనేయుని లంకానగర అధిదేవత ద్వారం వద్దనే అడ్డగించినది. నీవెవరవు, ఏ కార్యంపై ఇచ్చటికి వచ్చితివని ప్రశ్నించినది. అశోకవనంలో సీతామాత సైతం ఆయనను వెంటనే విశ్వసించలేదు. కామరూపియైన రావణుడే మరల వేషం మార్చి వచ్చినాడేమోనని శంకించినది. హనుమ మొదట రామలక్ష్మణుల అంగలక్షణాలను ఒక్కొక్కటిగా వర్ణించినాడు. పిదప రామనామాంకితమైన అంగుళీయకాన్ని సమర్పించినాడు. అప్పుడు గాని ఆ తల్లి శంక తొలగలేదు. తిరుగు ప్రయాణంలో ఆమె ఇచ్చిన చూడామణియే శ్రీరామునికి ప్రమాణమైనది.

ఒక వ్యక్తిని "ఇతడే అతడు" అని నిశ్చయింపజేసే గుర్తుకు సంస్కృతంలో అభిజ్ఞానమని పేరు. పరదేశంలో అడుగిడినవానికి అభిజ్ఞానం అవసరమని ఆదికావ్యమే అంగీకరించినది. అడిగినవారి శంకను అది దోషంగా చూపలేదు. అయితే ఈ ఘట్టంలో గమనింపదగిన అంశం మరొకటి ఉన్నది. ఉంగరం రామునిది. దానిని మోసినవాడు హనుమ. అది ఎవరి చేతిలో ఉన్నా, దానివలన ఎవరూ బందీ కాలేదు. వియోగాన్ని తొలగించుటకే అది ప్రయాణించినది.

జటాయువు నేలకూలిన చోటు లేపాక్షియేనని స్థలపురాణం చెప్పును. పడమటి కనుమల వర్షచ్ఛాయలో, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే అనంతపుర పీఠభూమిపై ఆ క్షేత్రం ఉన్నది. సీతమ్మను సముద్రం దాటించిన అపహరణను అడ్డగింపబోయి పక్షిరాజు పడిన ఈ నేల నుండి, ఈ కాలంలో స్త్రీలు తమంత తాముగా సముద్రం దాటి పోతున్నారు. వారి చేతి సంచిలో ముదురు నీలిరంగు అట్ట గల చిన్న పుస్తకం ఉండును. అది పాస్‌పోర్ట్. ఈ యుగపు అభిజ్ఞానం అదియే. దాని చరిత్ర అంతటా ఒకే ప్రశ్న వినవచ్చును: అభిజ్ఞానం ఎవరి సొత్తు?

కౌటిల్యుని ముద్రాధ్యక్షుడు

సరిహద్దు దాటేవారికి పత్రం ఉండవలెనన్న నియమం పాశ్చాత్యుల కల్పన అని పలువురు భావిస్తారు. కౌటిలీయ అర్థశాస్త్రం ఆ భావనను సవరించును. శతాబ్దాలపాటు విద్వల్లోకానికి అందకుండా పోయిన ఆ గ్రంథపు తాళపత్ర ప్రతిని మైసూరు ప్రాచ్య గ్రంథాలయంలో ఆర్. శామశాస్త్రి గుర్తించి 1909లో ముద్రింపజేసినారు. దాని రెండవ అధికరణంలో ముద్రాధ్యక్షుడనే అధికారి ప్రస్తావన కలదు. ఒక మాషకం రుసుము తీసుకొని ముద్రను ఇచ్చుట అతని విధి. ముద్ర గలవారికే జనపదంలో ప్రవేశించుటకు గాని, దానిని విడిచి పోవుటకు గాని అనుమతి. ముద్ర లేని స్వదేశీయునికి పన్నెండు పణాల దండన. కూటముద్రకు, అనగా దొంగముద్రకు, పూర్వసాహస దండం. ఆ నేరం చేసినవాడు అన్యదేశీయుడైనచో ఉత్తమసాహస దండం. జనావాసాలకు దూరంగా ఉన్న పచ్చిక బయళ్లలో బాటసారుల ముద్రలను పరీక్షించే బాధ్యత వివీతాధ్యక్షునిది.

శుల్కాధ్యక్షుని ప్రకరణంలో ఇంకొక సూక్ష్మం ఉన్నది. వణిజుల బిడారు నగరద్వారం చేరినప్పుడు లేఖకులు వారి వివరాలు వ్రాసుకొనవలెను. వీరెవరు, ఎచటివారు, ఎంత సరుకు తెచ్చినారు, మొదట ఎచ్చట వీరికి అభిజ్ఞానం గాని ముద్ర గాని ఇయ్యబడినది అనునవి ఆ వివరాలు. రెండువేల సంవత్సరాలకు పూర్వపు ఈ ప్రశ్నావళికీ నేడు విమానాశ్రయంలోని వలస అధికారి అడిగే ప్రశ్నలకూ భేదం స్వల్పం.

కౌటిల్యుని దృష్టిలో ముద్ర రాజ్యరక్షణకు, కోశవృద్ధికి సాధనం. ప్రజకు అది హక్కు అన్న మాట అచ్చట లేదు. అయినను ఒక మర్యాద పాటింపబడినది. రుసుము నియతం, దండన నియతం. ముద్ర తీసుకొన్న బాటసారి దానిని తన వద్దనే ఉంచుకొని వెళ్లును. దారిలోని అధికారి దానిని పరీక్షించునే గాని హరింపడు.

రహదారి అనే పదం

తెలుగువారి నాలుకపై ఈ చరిత్ర మరొక రూపంలో నిలిచియున్నది. నేడు రహదారి యన్నచో పెద్ద బాట అని అర్థం. పారసీకంలో రాహ్ అనగా దారి, దారీ అనగా కాపు. దారి కాచేవారికి చెల్లింపవలసిన సుంకానికీ, అది చెల్లించి పొందే అనుమతికీ రాహదారీ అని పేరు. చీటి పేరు కాలక్రమాన బాటకు సంక్రమించినది.

1565లో తళ్లికోట యుద్ధానంతరం విజయనగర రాజధాని పెనుకొండకు తరలినది. పిమ్మట ఈ పీఠభూమి ఎన్నో రాజ్యాలకు సరిహద్దుగా నలిగినది. మైసూరు, మహారాష్ట్ర, గోలకొండ, నిజాము సేనలు దీనిపై సంచరించినవి. పాళెగాండ్రు తమ తమ కనుమలలో సుంకాలు వసూలు చేసినారు. 1800లో నిజాము ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసినాడు. తదనంతరం లోపలి సరిహద్దులు క్రమంగా మాసిపోయినవి. ఉప్పునీటి సరిహద్దు ఒకటి తెరుచుకొన్నది.

ధాత కరువు, కూలీ పాసు

1876లో ధాత నామ సంవత్సరం ప్రవేశించినది. ఆ ఏట మొదలైన కరువు 1878 వరకు దక్షిణాపథాన్ని దహించినది. ధాత కరువుగా అది నేటికీ పెద్దల మాటలలో నిలిచియున్నది. నాటి బళ్లారి జిల్లా అత్యంత పీడితమైన ప్రాంతాలలో ఒకటి. ఆ జిల్లా నుండి 1882లో అనంతపురం జిల్లాగా వేరుచేయబడిన తాలూకాలలో 1871 నాటికి జనాభా దాదాపు ఏడు లక్షల నలభై వేలు. 1881 నాటికి అది సుమారు ఆరు లక్షలకు పడిపోయినది. కొందరు మరణించినారు, మరికొందరు ఊరు విడిచి పోయినారు. ఆ లోటు పూడుటకు దశాబ్దాలు పట్టినది.

అదే కాలంలో మదరాసు రేవు నుండి ఓడలు కూలీలను మోసుకొని సాగుతున్నవి. 1834 నుండి మారిషస్‌కు, 1860 నుండి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు, తరువాత ఫిజీకి ఒప్పంద కూలీలు వెళ్లినారు. నేటాల్‌కు తొలి ఓడ ట్రూరో 1860 అక్టోబర్ 12న మదరాసు వీడి నవంబర్ 16న డర్బన్ చేరినది. 1911 వరకు ఆ ఒక్క దేశానికే వెళ్లినవారు లక్షా యాభై రెండు వేలు. వారిలో అధికభాగం మదరాసు రాజధానివారు. తెలుగువారు వేల సంఖ్యలో ఉన్నారు. వారిలో కోస్తా జిల్లాలవారు, ఉత్తర ఆర్కాటువారు ఎక్కువ.

ఓడ ఎక్కే ప్రతి కూలీ పేరిట ఒక నమోదు జరిగేది. పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం అందులో వ్రాయబడినవి. చివరి గడిలో దేహ చిహ్నాలు ఉండేవి: ఎడమ మోకాలిపై మచ్చ, నుదుటిపై గాటు వంటివి. సముద్రయానాన్ని పాతిత్యహేతువుగా బౌధాయన ధర్మసూత్రం పరిగణించినది. ఓడ ఎక్కినవానికి కులం పోవునని ఊరు నమ్మిన రోజులలో, ఆ ఓడ కాగితమే అతని కులాన్ని శాశ్వతంగా భద్రపరచినది. నేడు డర్బన్‌లోని తెలుగు కుటుంబాలు తమ పూర్వీకుల గ్రామం పేరు వెదుకుకొనునది ఆ పట్టికలలోనే.

హనుమ వర్ణించిన అంగలక్షణాలు సీతమ్మకు విశ్వాసం కలిగించుటకై చెప్పబడినవి. కూలీ దేహంపై మచ్చ వ్రాయబడినది మాత్రం అతడు పారిపోయినచో పట్టుకొనుటకు. నేటాల్‌లో ఒప్పంద కూలీ తోట దాటి వెళ్లుటకు యజమాని చీటి కావలెను. చీటి లేనివానిని దారిలో నిలిపి నిర్బంధించే అధికారం చట్టం ఇచ్చినది. మారిషస్‌లో 1860ల దశకంలోనే, ఒప్పంద కాలం ముగిసినవారి చీటీలపై ఛాయాచిత్రం అంటించు పద్ధతి వచ్చినది. ముఖచిత్రం గల గుర్తింపు పత్రం లోకంలో ప్రాచుర్యం పొందకమునుపే భారతీయ కూలీ దానిని జేబులో మోసినాడు. సొత్తు పై యజమాని గుర్తు ఎట్లో, అతని పై ఆ పత్రం అట్లు.

జొహాన్నెస్‌బర్గ్ జ్వాల

ఈ అవమానానికి తొలి సంఘటిత ప్రత్యుత్తరం దక్షిణాఫ్రికాలోనే వెలువడినది. ట్రాన్స్‌వాల్ ప్రభుత్వం 1906, 1907 సంవత్సరాలలో తెచ్చిన శాసనాలు ఆసియావాసులందరూ వేలిముద్రలిచ్చి పత్రాలు పొందవలెనని, పోలీసు అడిగిన క్షణంలో చూపవలెనని విధించినవి. మోహన్‌దాస్ గాంధీ నాయకత్వంలో తమిళులు, తెలుగువారు, గుజరాతీలు, హిందూ ముస్లిం భేదం లేక దానిని ప్రతిఘటించినారు. సత్యాగ్రహమన్న పదం జన్మించినది ఈ పోరాటంలోనే. 1908 ఆగస్టు 16న జొహాన్నెస్‌బర్గ్‌లోని హమీదియా మసీదు ప్రాంగణంలో రెండువేలకు పైగా పత్రాలు ఒక పెద్ద పాత్రలో దగ్ధం చేయబడినవి.

అభిజ్ఞానాన్ని దగ్ధం చేసినవారు తమ గుర్తింపును కాదనలేదు. స్వచ్ఛందంగా ఇచ్చిన వేలిముద్రను వారు తొలుత అంగీకరించినారు కూడా. నిర్బంధంతో పుట్టిన గుర్తు మనిషిని నేరస్థునిగా ముద్రించునని మాత్రమే వారి వాదం. పత్రం ఒకటే అయినను, ఇచ్చే సంకల్పాన్ని బట్టి దాని ధర్మం మారుననుటకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనం అరుదు.

1967: అనుగ్రహం నుండి హక్కుకు

మొదటి ప్రపంచయుద్ధం వరకు లోకంలో పలు సరిహద్దులు పాస్‌పోర్ట్ లేకయే దాటదగినవి. యుద్ధం ఆ ద్వారాలను మూసినది. 1917లో ఒప్పంద కూలీల సేకరణ ఆగినది. 1920లో భారత పాస్‌పోర్ట్ చట్టం వచ్చినది. అదే సంవత్సరం పారిస్ నగరంలో నానాజాతి సమితి జరిపిన సమావేశం పాస్‌పోర్ట్ పుస్తక రూపాన్ని ప్రమాణీకరించినది. స్వాతంత్ర్యం వచ్చిన పిమ్మట సైతం, పౌరుడు దేశం విడిచి వెళ్లుటకు పాస్‌పోర్ట్ ఇచ్చుట ప్రభుత్వపు ఇచ్ఛపై ఆధారపడిన అనుగ్రహంగానే సాగినది. ఇయ్యకున్న కారణం చెప్పవలసిన పని లేదు, ఇచ్చినది వెనుకకు తీసుకొనవచ్చును.

ఈ స్థితిని మార్చిన తీర్పు ఒక తెలుగువాని లేఖిని నుండి వెలువడినది. సత్వంత్ సింగ్ సాహ్నీ వ్యాజ్యంలో 1967 ఏప్రిల్ 10న సర్వోన్నత న్యాయస్థానం ముగ్గురు ఇద్దరుగా చీలి తీర్పు చెప్పినది. అధిక సంఖ్యాకుల పక్షాన తీర్పు వ్రాసినవారు ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. విదేశయానం రాజ్యాంగపు 21వ అధికరణం చెప్పిన వ్యక్తిస్వేచ్ఛలో అంతర్భాగమని, చట్టం లేకుండా దానిని అడ్డగించుట తగదని ఆ తీర్పు నిర్ణయించినది. మరునాడే ఆయన పదవిని వీడి రాష్ట్రపతి ఎన్నికల బరిలో నిలిచినారు.

చట్టం లేదని న్యాయస్థానం చెప్పినందున ప్రభుత్వం వెంటనే చట్టం తేవలసి వచ్చినది. మొదట అధ్యాదేశం, పిదప 1967 జూన్ 24న పాస్‌పోర్ట్‌ల చట్టం వచ్చినవి. ఆ చట్టం ఆమోదం పొందిన లోక్‌సభకు అధ్యక్షత వహించిన సభాపతి నీలం సంజీవరెడ్డి. ఆయన అనంతపురం జిల్లా ఇల్లూరు గ్రామంలో జన్మించినవారు, ఆ ఏడే హిందూపురం నియోజకవర్గం నుండి ఎన్నికైనవారు. పాస్‌పోర్ట్ నిరాకరించినచో కారణాన్ని లిఖితపూర్వకంగా చెప్పవలెనని ఆ చట్టం నియమించినది. 1978లో మేనకా గాంధీ వ్యాజ్యం ఈ సూత్రాన్ని మరింత విస్తరింపజేసినది.

ఆ చట్టంలోని 17వ విభాగం అంతగా చర్చింపబడనిది. పాస్‌పోర్ట్ ఎవరి చేతిలో ఉన్నను అది కేంద్ర ప్రభుత్వపు సొత్తు అని అది ప్రకటించును. పౌరుడు దానికి ధారకుడు. ఇతరులకు, వారు స్వదేశీయులైనా విదేశీయులైనా, దానిపై ఏ స్వామ్యమూ లేదు. భారత పాస్‌పోర్ట్ తొలిపుటలోనే రాష్ట్రపతి పేరిట ఒక అభ్యర్థన ముద్రింపబడి ఉండును. దీనిని ధరించినవారిని అడ్డంకి లేక పోనిచ్చి, అవసరమైన సాయం, రక్షణ కల్పింపుమని దాని సారం. 1977 నుండి 1982 వరకు రాష్ట్రపతి సంజీవరెడ్డియే. ఆ ఐదేండ్లలో భారతీయుడు లోకంలో ఏ సరిహద్దు వద్ద నిలిచినను, కరువు సీమలో పుట్టిన రైతుబిడ్డ అలంకరించిన పదవి పేరిట ఆ అభ్యర్థన వినిపించినది.

కదిరి నుండి కువైట్‌కు

1970ల దశకంలో చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాలు సంపన్నమైనవి. రాయలసీమ వలసకు కొత్త దిక్కు దొరికినది. కడప జిల్లా రాయచోటి, రాజంపేట ప్రాంతాలతో పాటు అనంతపురం జిల్లా కదిరి ప్రాంతం నుండి జనం కువైట్ బాట పట్టినారు. పురుషులు వాహనచోదకులుగా, కట్టడపు పనివారుగా వెళ్లినారు. స్త్రీలు ఇండ్లలో పనికి వెళ్లినారు. అచ్చటివారు అట్టి స్త్రీని ఖద్దామా అందురు. నివాసానుమతికి ఆకామా అని పేరు. ఈ అరబీ పదాలు నేడు కదిరి పరిసర గ్రామాలలో అక్షరం రానివారి నోట సైతం తెలుగు పదాల వలె వినవచ్చును. వేరుశనగ పంట ఎండిన ఏడు, గొట్టపుబావి అప్పు తీరని ఏడు, ఇంటి ఇల్లాలు ఆ పదాలను నేర్చుకొనును.

వలస కార్మికుల రక్షణకై 1983లో ప్రవాస చట్టం వచ్చినది. పదవ తరగతి ఉత్తీర్ణులు కాని వారి పాస్‌పోర్ట్‌పై ఈసీఆర్ ముద్ర పడును. వారు గల్ఫ్ మొదలైన కొన్ని దేశాలకు పనికై వెళ్లుటకు ముందు ప్రవాస సంరక్షకుని అనుమతి పొందవలెనని దాని అర్థం. ఇంటిపనికి వెళ్లే స్త్రీకి ముప్పై ఏండ్లు నిండి ఉండవలెనన్న నియమం కూడా ఏర్పడినది. ఉద్దేశం మంచిది. ఫలితం మిశ్రమం. అనుమతి మార్గం దీర్ఘమైన కొలది దళారి మార్గం హ్రస్వమైనది. సందర్శక వీసాపై పంపుట, వయస్సు దిద్దుట వంటి కుయుక్తులు పుట్టినవి. వయస్సు దిద్దిన పత్రంతో వెళ్లిన స్త్రీకి ఆపద వచ్చినప్పుడు ఆ పత్రమే ఆమెకు ప్రతికూల సాక్షి. కౌటిల్యుడు కూటముద్రకు దండన విధించినాడు. ఈనాడు కూటముద్ర చేసినవాడు ఊరిలో సుఖంగా ఉండగా, మోసినది దండన అనుభవించును.

అయితే సక్రమమైన పత్రంతో వెళ్లిన స్త్రీకి సైతం కఠినమైన పరీక్ష ఒకటి ఉన్నది. యజమాని గృహంలో అడుగిడిన నాడే ఆమె పాస్‌పోర్ట్ యజమాని బీరువాలోనికి పోవును. "భద్రంగా ఉంచెదము" అన్నది సాధారణంగా వినిపించే మాట. జీతం నిలిపినను, విశ్రాంతి ఇయ్యకున్నను, ఇంటి వద్ద తల్లి మరణించినను, ఆ పుస్తకం చేతికి రానిదే ఆమె కదలలేదు. గడప దాటి పారిపోయినచో పరారీ ఫిర్యాదు నమోదగును. ఆకామా రద్దగును. అప్పుడామె స్వంత పేరును నిరూపించుకొనలేని మనిషి.

కాళిదాసు తన నాటకానికి అభిజ్ఞాన శాకుంతలమని పేరు పెట్టినాడు. శకుంతల ఉంగరాన్ని తీర్థజలంలో జారవిడిచినది. దుష్యంతుని సభలో ఆమె సశరీరంగా నిలిచియున్నది, సత్యమే పలికినది. అయినను గుర్తు లేనందున ఆ సత్యం చెల్లలేదు. మనిషి ఎదుట ఉండగా గుర్తును అడిగిన ఆ సభ, పరదేశపు పోలీసు ఠాణాలో నిలిచిన కరువు సీమ స్త్రీకి అపరిచితం కాదు. భేదం ఒక్కటే. శకుంతల ఉంగరం ప్రమాదవశాన జారినది. ఈమె పత్రం బుద్ధిపూర్వకంగా దాచబడినది.

1990 ఆగస్టులో ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించినప్పుడు ఈ లోపం నగ్నంగా బయటపడినది. లక్షకు పైగా భారతీయులు జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరి అచ్చట నుండి ఎయిర్ ఇండియా విమానాలలో స్వదేశానికి తరలింపబడినారు. యజమాని పారిపోయినప్పుడు బీరువాలోని పాస్‌పోర్ట్ గతి ఏమి? అట్టివారికి రాయబార కార్యాలయం ఇచ్చే అత్యవసర పత్రమే శరణ్యం. జనులు దానిని ఔట్‌పాస్ అందురు. 2018లోను, 2020లోను కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించినప్పుడు కూడా ఆ పత్రంతోనే ఎందరో ఇల్లు చేరినారు. ఒక్కసారి, ఒకే దిశలో చెల్లే పత్రమది. మరల వెళ్లుటకు పనికిరాదు, ఇంటికి చేర్చును.

నిక్షేపమా, స్తేయమా?

2015లో కువైట్ ప్రభుత్వం 68వ సంఖ్య గల గృహకార్మిక చట్టం చేసినది. కార్మికుల పాస్‌పోర్ట్‌ను యజమాని తన వద్ద ఉంచుకొనరాదని ఆ చట్టం స్పష్టంగా నిషేధించినది. భారత చట్టం ప్రకారం అది భారత ప్రభుత్వ స్వామ్యం, ఆ దేశపు చట్టం ప్రకారం యజమానికి నిషిద్ధం. రెండు దేశాల చట్టాలు ఏకమైనను బీరువా తాళం మాత్రం పలుచోట్ల తెరుచుకొనలేదు.

ధర్మశాస్త్రం ఈ విషయాన్ని ఏమనును? మనుస్మృతి పేర్కొన్న పదునెనిమిది వివాద పదాలలో ఋణాదానం మొదటిది, నిక్షేపం రెండవది. నమ్మి దాచుకొమ్మని అప్పగించిన వస్తువు నిక్షేపం. అప్పగించినవారు అడిగిన తక్షణం దానిని తిరిగి ఇయ్యవలెను. ఇయ్యనివానిని చోరునితో సమానంగా దండింపవలెనని స్మృతి శాసించినది. భద్రతకై ఉంచితినన్న యజమాని మాట సత్యమే అనుకొన్నను, ఆ పత్రం నిక్షేపం మాత్రమే అగును. అడిగిననాడు ఇయ్యకున్నచో ఆ క్షణం నుండి అది స్తేయం. యోగసాధకుడు యమనియమాలలో అస్తేయాన్ని వల్లించును. పరుల ధనం ముట్టకుండుటతో ఆ వ్రతం ముగియదు. పరుల నడకను బంధించే కాగితం దాచుట ధనహరణం కంటె ఘోరం, ఎందుకనగా ధనం మరల ఆర్జింపదగినది. తల్లి అంత్యక్రియల వేళ మరల రాదు.

ఈ ధర్మం కువైట్‌కు మాత్రమే పరిమితం కాదు. మూలపత్రాలను తాకట్టుగా ఉంచుకొనే అలవాటు స్వదేశంలోని వ్యవహారాలలోనూ కలదు. పనివాని గుర్తింపు కార్డును, విద్యార్థి పట్టాను బంధించి ఉంచే ప్రతి హస్తానికీ ఈ విచారణ వర్తించును.

చిత్రావతీ తీరానికి వచ్చేవారు

ఇదే పీఠభూమిపై ప్రయాణం మరొక దిశలోనూ సాగుచున్నది. చిత్రావతీ తీరాన పుట్టపర్తిలో 1950లో ప్రశాంతి నిలయం ఆవిర్భవించిన పిమ్మట, దేశదేశాల నుండి అన్వేషకులు వచ్చుట మొదలైనది. 1990లో ఆ గ్రామానికి విమానాశ్రయమే ఏర్పడినది. విదేశీయుడు బస చేసిన చోట అతని పాస్‌పోర్ట్, వీసా వివరాలను సీ ఫారంలో నింపి ఇరువది నాలుగు గంటలలో అధికారులకు తెలుపవలెనన్న నియమం చిరకాలంగా ఉండేది. 1939, 1946 నాటి చట్టాల స్థానంలో 2025లో కొత్త వలస, విదేశీయుల చట్టం వచ్చినను, అతిథి వివరాలు తెలిపే బాధ్యత ఆతిథ్యం ఇచ్చినవారిదే. సత్యసాయిబాబా స్వయంగా భారతదేశం వెలుపలికి వెళ్లినది ఒక్కసారి మాత్రమే. 1968లో ఆయన తూర్పు ఆఫ్రికా దేశాలను సందర్శించినారు. ప్రపంచం మాత్రం తన పాస్‌పోర్ట్‌లతో ఆ పల్లెకు వచ్చినది.

2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు పుట్టపర్తి, కదిరి, లేపాక్షి ఒకే శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. శాంతిని వెదుకుచు వచ్చే విదేశీయుడు, జీవిక వెదుకుచు పోయే కదిరి స్త్రీ పలుమార్లు ఒకే బెంగళూరు విమానాశ్రయంలో ఎదురుపడుదురు. విదేశీయుని పాస్‌పోర్ట్‌ను బసలోని గుమాస్తా తీసుకొని, వివరాలు వ్రాసుకొని, నమస్కరించి తిరిగి ఇచ్చును. అతిథి మర్యాద అట్టిది. ఈ నేల పరదేశీయునికి ఇచ్చే ఆ చిన్న మర్యాదయే ఈ నేల ఆడబిడ్డ పరదేశంలో కోరునది.

ఆ దేవదత్తుడే ఈతడు

వేదాంతాధ్యయనం చేసినవారికి ఒక దృష్టాంతం సుపరిచితం. తత్త్వమసి మహావాక్యార్థాన్ని వివరించుటకు ఆచార్యులు "ఆ దేవదత్తుడే ఈతడు" అన్న వాక్యాన్ని ఉదాహరించినారు. ఎన్నడో ఒక ఊరిలో చూచిన దేవదత్తుడు నేడు మరొక ఊరిలో కనబడినాడు. ఆనాటి దేశకాలాలు వేరు, ఈనాటివి వేరు. విరుద్ధమైన ఆ భాగాన్ని విడిచి, రెండింటిలోనూ నిలిచిన వ్యక్తిని గ్రహించినప్పుడే "అతడే ఇతడు" అన్న జ్ఞానం కలుగును. భాగత్యాగ లక్షణ అని శాస్త్రం దీనికి పేరు పెట్టినది.

సరిహద్దు వద్ద కూర్చున్న అధికారి దినమంతా చేయునది ఈ పనియే. చిత్రంలోని ముఖం పదేండ్ల నాటిది, ఎదుటి ముఖం నేటిది. ఎండకు కమిలినది, తల నెరసినది. మారినదానిని విడిచి మారనిదానిని గుర్తించి అతడు ముద్ర వేయును. అతని గుర్తింపు దేహం వద్ద, నామం వద్ద ఆగును. సాధకుని విచారణ అచ్చట నుండి ముందుకు సాగును.

ఇచ్చట ఒక ప్రమాదం పొంచియున్నది. నామరూపాలు మిథ్య గదా, పత్రాలతో ఆత్మకేమి పని యని కొందరు ఈ వ్యథను తేలికగా త్రోసిపుచ్చెదరు. అది వేదాంతం కాదు. పరమార్థంలో ఏది మిథ్యయైనను వ్యవహారంలో వ్యవహారధర్మం అనుల్లంఘ్యమని ఆచార్యుల నిర్ణయం. తన పేరును తాను విడుచుట వైరాగ్యం. పరుల పేరును తాను లాగికొనుట హింస. సన్న్యాసి తన పూర్వనామాన్ని స్వేచ్ఛగా త్యజించును. బీరువాలో పత్రం చిక్కిన స్త్రీ ఏదీ త్యజింపలేదు, ఆమె వద్ద నుండి అపహరింపబడినది. ఈ రెండింటినీ ఒకటిగా పలుకుట శాస్త్రానికి అపచారం. బ్రహ్మజ్ఞానసంపన్నుడైన హనుమంతుడే ఉంగరాన్ని జాగ్రత్తగా మోసినాడని మరువరాదు.

విజయదశమి నాడు ఊరి పొలిమేర దాటి జమ్మికి మ్రొక్కి తిరిగివచ్చుటకు సీమోల్లంఘనమని పేరు. ఆ ఆచారంలో వెళ్లుట ఎంత ముఖ్యమో, తిరిగి ఇల్లు చేరుట అంత ముఖ్యం. విదేశయానానికి ముందు పాస్‌పోర్ట్‌ను ఇష్టదైవ సన్నిధిలో ఉంచి అర్చన చేయించుకొనే భక్తులు తెలుగునాట ఎందరో కలరు. హైదరాబాదు సమీపంలోని చిలుకూరు బాలాజీని వీసా బాలాజీ అనియే పిలుచుకొందురు. అచ్చట కోరిక తెలుపుచు పదకొండు ప్రదక్షిణలు, అది తీరిన పిమ్మట నూట యెనిమిది చేయుట ఆచారం. దైవసన్నిధిలో ఉంచిన ఆ పుస్తకాన్ని అర్చకుడు కుంకుమతో భక్తుని చేతికే తిరిగి ఇచ్చును. సర్వస్వామియైన భగవంతుడే తన పాదాల చెంతకు వచ్చిన అభిజ్ఞానాన్ని ధరించినవానికి తిరిగి ఇచ్చుచుండగా, దానిని తాళం వేసి ఉంచుకొనే అధికారం ఏ మానవునికి కలదు?

స్వస్తి.